ఆఫీసుకు వెళ్లినా వెళ్లనట్టు చూపే హాజరు లెక్క

ప్రశ్న: నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. విజయవాడలో ఒక ఐటీ సేవల సంస్థలో ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. మా ప్రధాన కార్యాలయం అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉంది. కోవిడ్ నాటి నుంచి ఇంటి దగ్గరే పనిచేసుకుంటున్న మమ్మల్ని ఈ ఏడాది నుంచి సోమ, మంగళ, గురువారాల్లో ఆఫీసుకు రమ్మన్నారు. వచ్చిన రోజు కనీసం 6 గంటలు లోపల ఉండాలని నియమం. నేను ఉదయం 10 గంటలకు లోపలికి వెళ్లి సాయంత్రం 7 గంటలకు బయటికి వస్తాను. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు కింద ఉన్న హోటల్లో భోజనానికి ముప్పావు గంట పడుతుంది. జూలైలో సెలవులు పోను 12 రోజులు వెళితే, 6 రోజులే లెక్కకు వచ్చాయని, ఇలాగే ఉంటే వేరియబుల్ పే (జీతంలో పరిస్థితిని బట్టి పెరిగే, తగ్గే భాగం) తగ్గుతుందని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. చూస్తే సోమవారాలు నాలుగూ సరిగానే ఉన్నాయి. మంగళ, గురువారాలే ఎక్కువగా ‘లోటు’ అని ఉన్నాయి. పైగా ఆదివారాలు రెండున్నర గంటలు ఆఫీసులో ఉన్నట్టు చూపుతోంది. ఆ రోజుల్లో మా అత్తగారికి ఒంట్లో బాగాలేక నేను ఇల్లు కదలలేదు. మా మేనేజరు గారిని అడిగితే ‘సిస్టమ్ తప్పు చెప్పదమ్మా’ అన్నారు. వచ్చే నెల నుంచి మా సొంత ఫోన్లలో లొకేషన్ చూసే యాప్ కూడా వేసుకోవాలట. నా అవస్థ చూసి స్నేహితురాలు ‘నీ కార్డు నాకిచ్చేయి, నేను స్వైప్ చేస్తాను’ అంటోంది. అసలు ఇలా మమ్మల్ని కనిపెట్టి ఉండే హక్కు వాళ్లకు ఉందా? నేను ఏం చేయాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు, గుంటూరు

సమాధానం: అమ్మా, ముందుగా ఆ ఆదివారాల సంగతి చూద్దాం. మీ చిక్కు విడేది అక్కడే అని నాకు గట్టిగా అనిపిస్తోంది. కాలిఫోర్నియాలో వేసవి సమయం పాటించే (గడియారాలను గంట ముందుకు జరిపే) నెలల్లో మన గడియారం వాళ్ల గడియారం కన్నా పన్నెండున్నర గంటలు ముందుంటుంది. సోమవారం ఉదయం 10 గంటలకు మీరు విజయవాడలో గేటు దగ్గర కార్డు పెట్టేసరికి అక్కడ ఇంకా ఆదివారం రాత్రి 9.30 అయి ఉంటుంది. మనకు మధ్యాహ్నం 12.30 అయినప్పుడు అక్కడ అర్ధరాత్రి అయి తేదీ మారుతుంది. హాజరు లెక్క వేసే ప్రోగ్రాము ప్రధాన కార్యాలయం గడియారాన్ని బట్టి రోజులను విడగొడుతున్నట్లయితే, మీరు సోమవారం ఉదయం పనిచేసిన రెండున్నర గంటలు ఆదివారం ఖాతాలో పడతాయి. ఇంట్లో ఉన్న మనిషి ఆదివారం నాడు సరిగ్గా రెండున్నర గంటలే ఆఫీసులో ఉన్నట్టు కనిపించడానికి ఇంతకన్నా సరిపోయే కారణం నాకు తోచడం లేదు.

ఇదే లెక్కను మిగతా వారానికీ వేసి చూడండి. సోమవారం మధ్యాహ్నం 12.30 నుంచి సాయంత్రం 7 గంటల వరకు ఆరున్నర గంటలు ఉంటాయి. మీరు గేటు దాటి భోజనానికి వెళ్లివచ్చిన ముప్పావు గంటను అందులోంచి తీసేస్తే ఐదు గంటల నలభై ఐదు నిమిషాలు మిగులుతాయి. అయితే మంగళవారం ఉదయం మీరు ఉన్న రెండున్నర గంటలు వాళ్ల తేదీ ప్రకారం సోమవారానికే చేరతాయి కాబట్టి, సోమవారం ఎనిమిది గంటలు దాటి నిండుగా కనిపిస్తుంది. మంగళవారానికి అలా వచ్చి కలిసేది ఏమీ లేదు, ఎందుకంటే బుధవారం మీరు ఆఫీసుకు వెళ్లరు. అందువల్ల అది ఐదు గంటల నలభై ఐదు నిమిషాల దగ్గరే ఆగిపోయి, కేవలం పావుగంట తక్కువైనందుకు రోజంతా లోటు కింద పోతుంది. గురువారం సంగతీ అంతే. లెక్కకు వచ్చిన ఆరు రోజుల్లో నాలుగు సోమవారాలు పోగా మిగిలిన రెండు రోజులు ఏవో చూసుకోండి. ఆ రెండు రోజులూ మీరు కిందికి దిగకుండా, క్యారేజీ తెచ్చుకుని సీటు దగ్గరే భోజనం చేసి ఉంటారని నా అంచనా. ఈ ఊహ నిజమో కాదో తేల్చడానికి ఇంకొక గుర్తు కూడా ఉంది. మీ హాజరు చూపే తెర, అంటే డాష్‌బోర్డులో బుధవారాలు తెరిచి చూడండి. అక్కడ కూడా రెండున్నర గంటలు కనిపిస్తే అవి మీ గురువారం ఉదయపు గంటలే, ఇక సందేహం అక్కర్లేదు.

మరి ఇంతమంది పనిచేసే చోట ఇది ఎవరికీ ఎందుకు తెలియలేదని మీరు అడగవచ్చు. వారంలో ఐదు రోజులూ వచ్చేవారికి ఒక రోజు ఉదయం పోయిన గంటలకు బదులు మరుసటి రోజు ఉదయపు గంటలు వచ్చి కలుస్తాయి కనుక వారికి శుక్రవారం తప్ప ఏ తేడా కనిపించదు. మీలాగా ఒక రోజు వచ్చి ఒక రోజు రాని వారికే దెబ్బ తగులుతుంది. మీ వేళల్లోనే పనిచేసే మరో ఇద్దరు ముగ్గురిని వాళ్ల ఆదివారాలు, బుధవారాలు చూసుకోమనండి. అందరికీ ఒకే రకంగా ఉంటే అది మీ మీద వచ్చిన ఫిర్యాదుగా కాక, విజయవాడ శాఖ మొత్తానికి సంబంధించిన లెక్క తప్పుగా తేలుతుంది. దీన్ని ఇప్పుడే సరిచేయించుకోవడం చాలా అవసరం. నవంబరు మొదటి ఆదివారం నాడు అమెరికాలో గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. అప్పటి నుంచి మార్చి రెండో ఆదివారం దాకా మనకూ కాలిఫోర్నియాకూ తేడా పదమూడున్నర గంటలు అవుతుంది, వాళ్ల అర్ధరాత్రి మనకు మధ్యాహ్నం 1.30కు వస్తుంది. ఆ నెలల్లో మీరు సీటు దగ్గరే భోజనం చేసినా మంగళ, గురువారాలకు ఐదున్నర గంటలకు మించి మిగలవు, అంటే ఒక్క రోజు కూడా నిండదు.

‘సిస్టమ్ తప్పు చెప్పదు’ అన్న మీ మేనేజరు గారి మాటను నేను ఒప్పుకోలేను. గేటు దగ్గరున్న యంత్రానికి తెలిసింది చాలా కొద్ది. ఫలానా నంబరు కార్డు, ఫలానా తలుపు దగ్గర, ఫలానా క్షణంలో కనిపించిందని మాత్రమే అది రాసిపెడుతుంది. ఆ తరువాత జరిగేదంతా మనుషులు పెట్టిన నియమాల పని. రోజు ఏ గడియారం ప్రకారం మొదలవుతుంది, మొదటి ప్రవేశానికీ చివరి నిష్క్రమణకూ మధ్య కాలమంతా లెక్కిస్తారా లేక బయటికి వెళ్లిన ప్రతిసారీ ఆ నిమిషాలను కోసేస్తారా, కార్డు లెక్కనే చూస్తారా లేక లాప్‌టాప్ ఆఫీసు వైఫైకి కలిసి ఉన్న సమయాన్ని చూస్తారా అన్నవన్నీ ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించినవే. అందుకే మీరు అడగవలసింది శాతాలు వేసి చూపే ఆ డాష్‌బోర్డును కాదు. దానికి ఆధారమైన అసలు నమోదులను, అంటే జూలై నెలలో మీ కార్డు ఏ తలుపు దగ్గర ఏ సమయానికి నమోదైందో ఆ చిట్టాను, ఆ సమయాలు ఏ దేశపు గడియారంలో ఉన్నాయో ఆ వివరంతో సహా అడగండి.

చిట్టా చేతికి వచ్చాక ఇంకొన్ని చిన్న తేడాలు కూడా బయటపడవచ్చు. ముందు వెళ్లే సహోద్యోగి మర్యాదకు తలుపు పట్టుకుంటే కార్డు పెట్టకుండానే వెనకాలే లోపలికి వెళ్లిపోవడం మనకు అలవాటు. అలా వెళ్లిన రోజు మీరు వచ్చినట్టే ఉండదు, లేదా ప్రవేశం లేకుండా నిష్క్రమణ మాత్రమే ఉంటుంది. ఇక మీదట తలుపు తెరిచే ఉన్నా సరే, కార్డు పెట్టి, యంత్రం ఒప్పుకున్నట్టు పచ్చదీపం వెలిగాకే లోపలికి వెళ్లండి. వైఫైని బట్టి లెక్కించే చోట్ల, నెట్ నెమ్మదిగా ఉందని ఫోను హాట్‌స్పాట్ పెట్టుకుని పనిచేసిన గంటలు, లాప్‌టాప్ మూసి శిక్షణ గదిలో కూర్చున్న గంటలు లెక్కకు రాకపోవచ్చు. ఉద్యోగి ఆఫీసు వైఫైకి కలవగానే అతడు ఏ భవనంలో ఉన్నాడో తనంతట తానే చూపే సౌకర్యాన్ని ఆఫీసు సమావేశాలకు, సందేశాలకు వాడే తన టీమ్స్ యాప్‌లో తెస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2025లో ప్రకటించింది. అది మామూలుగా ఆపివేసి ఉంటుందని, వాడాలా వద్దా అన్నది ఆయా సంస్థల నిర్వాహకులు నిర్ణయిస్తారని, ఉద్యోగి కూడా ఒప్పుకోవాలని ఆ సంస్థ చెప్పింది. మీ దగ్గర అలాంటిది వాడుతున్నారో లేదో కూడా అడిగి తెలుసుకోండి, ఎందుకంటే రెండు మూడు చోట్ల నుంచి సమాచారం తెచ్చి కలిపినప్పుడే తప్పులు ఎక్కువగా దొర్లుతాయి.

ఇక కనిపెట్టి ఉండే హక్కు వాళ్లకు ఉందా అన్న మీ ప్రశ్న. ఉద్యోగి పనికి వచ్చారో లేదో లెక్క పెట్టుకునే హక్కు యాజమాన్యానికి ఉంది. ఇంటి నుంచి పనిచేసే హక్కును మన దేశంలో ఏ చట్టమూ ఉద్యోగులందరికీ ఇవ్వలేదు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ కూడా ప్రసూతి సెలవు తరువాత ఇంటి నుంచి పనిచేసే విషయాన్ని, పని స్వభావం అందుకు వీలైతే, ఇరుపక్షాల ఒప్పందానికే వదిలిపెట్టింది. కాబట్టి ఆఫీసుకు రమ్మనడాన్ని గాని, వచ్చినవారి లెక్క రాసుకోవడాన్ని గాని మీరు చట్టం పేరు చెప్పి ఆపలేరు. ఇది మీకు నచ్చే మాట కాదని తెలుసు, కానీ లేని హక్కును నమ్ముకుని ఉత్తరం రాస్తే ఉన్న న్యాయం కూడా మసకబారుతుంది.

గోప్యత విషయంలో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఇచ్చిన తీర్పును చాలామంది గుర్తు చేస్తారు. గోప్యత ప్రాథమిక హక్కు అని ఆ తీర్పు చెప్పింది, అది మన అందరికీ గొప్ప అండ. అయితే ప్రాథమిక హక్కులు ప్రధానంగా ప్రభుత్వానికి ఎదురుగా నిలబడేవి. ప్రైవేటు యాజమాన్యం విషయంలో మనం ఎక్కువగా చూడవలసింది 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది, యాజమాన్యాల మీద బాధ్యతలు పెట్టే ప్రధాన నిబంధనలకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు, అంటే అవి 2027 మే నెలలో అమలులోకి వస్తాయి. ఆ చట్టంలోని ఏడో సెక్షను ఉద్యోగ అవసరాల కోసం ఉద్యోగి సమాచారాన్ని విడిగా అనుమతి అడగకుండానే వాడుకునే వెసులుబాటును యాజమాన్యానికి ఇచ్చింది. తన సమాచారాన్ని చూసుకునే, సరిదిద్దించుకునే హక్కులను ఆ చట్టం ముఖ్యంగా అనుమతి తీసుకుని సేకరించిన సమాచారానికే ముడిపెట్టింది కనుక, ఈ వెసులుబాటు కింద సేకరించిన హాజరు లెక్కకు అవి అంత సూటిగా వర్తించవు.

అయినా అదే చట్టంలో మీకు పనికివచ్చే మాట ఒకటి ఉంది, దాన్ని మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఒక వ్యక్తి మీద ప్రభావం చూపే నిర్ణయం తీసుకోవడానికి ఆ వ్యక్తి సమాచారాన్ని వాడేటట్లయితే, అది పూర్తిగా, ఖచ్చితంగా, ఒకదానికొకటి పొసిగేలా ఉండేట్టు చూసే బాధ్యత దాన్ని వాడే సంస్థదేనని ఎనిమిదో సెక్షను చెబుతోంది. ఈ బాధ్యత అనుమతి తీసుకున్నారా లేదా అన్నదాని మీద ఆధారపడదు. మీ వేరియబుల్ పే తగ్గించడం మీ మీద ప్రభావం చూపే నిర్ణయం కాకపోతే మరేమిటి? గడువు ఇంకా తీరకపోయినా, రేపు తప్పనిసరి కాబోయే బాధ్యతను ఏ పెద్ద సంస్థ న్యాయ విభాగమూ తేలిగ్గా తీసుకోదు. మీ మెయిల్‌లో ఈ సెక్షనును ఒక్క వాక్యంలో ప్రస్తావిస్తే చాలు, బెదిరించినట్టు రాయనక్కర లేదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అది ప్రభుత్వ సంస్థలకు వర్తించేదే తప్ప మీ కంపెనీకి వర్తించదు.

ఈ ఖచ్చితత్వం గురించి నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం, హాజరు ఇప్పుడు నేరుగా జీతంతో ముడిపడిపోవడమే. 2024లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ త్రైమాసిక వేరియబుల్ పేను ఆఫీసు హాజరుతో కలిపింది. హాజరు 60 శాతానికి తగ్గితే ఆ త్రైమాసికానికి అసలు ఇవ్వరని, 85 శాతం దాటితేనే పూర్తిగా ఇస్తారని, మధ్యలో ఉన్నవారికి సగమో ముప్పావో ఇస్తారని అప్పట్లో వార్తలు వచ్చాయి. అదే ఏడాది అమెరికాలో డెల్ సంస్థ త్రైమాసికానికి 39 రోజులు ఆఫీసుకు రావాలని చెప్పి, ఉద్యోగుల హాజరును నీలం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చూపడం మొదలుపెట్టింది. ఇలాంటి అంచెలు పెట్టిన చోట ఒక్క రోజు తేడా మనిషిని ఒక అంచె నుంచి కింది అంచెకు తోసేస్తుంది. డబ్బు కోసేటంత కచ్చితంగా నియమం పెట్టినవారు లెక్కను కూడా అంతే కచ్చితంగా చూపించాలని అడగడంలో మీరు సంకోచించవలసింది ఏమీ లేదు. ఒకవేళ వేరియబుల్ పేతో ఆగకుండా, మీరు వెళ్లిన రోజులకే జీతం కోత పెడితే అది వేరే సంగతి. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం గైర్హాజరు కింద కోసేది నిజంగా రాని కాలానికి తగిన మొత్తాన్ని మించకూడదు. అప్పుడు మీరు కార్మిక శాఖను ఆశ్రయించవచ్చు.

సొంత ఫోనులో యాప్ విషయంలో నా అభిప్రాయం వేరుగా, గట్టిగా ఉంది. గేటు దగ్గర కార్డు మీరు ఆఫీసుకు వచ్చారో లేదో చెబుతుంది, అంతవరకే యాజమాన్యానికి అవసరం. ఎప్పుడూ తెరిచి ఉండే లొకేషన్ యాప్ మీరు సాయంత్రం ఏ ఆసుపత్రికి వెళ్లారో, ఆదివారం ఎవరింటికి వెళ్లారో, ఏ గుడికో చర్చికో వెళ్లారో కూడా చెప్పగలదు, అది వాళ్లకు అనవసరం. మన రాష్ట్రంలోనే 2022 ఆగస్టులో ఉపాధ్యాయులు ముఖ గుర్తింపు హాజరును తమ సొంత ఫోన్లలో వేయాలన్నప్పుడు ఉపాధ్యాయ సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. హాజరు వేయడానికి వాళ్లు విముఖులు కారు, పరికరం ప్రభుత్వమే ఇవ్వాలన్నది వాళ్లు అడిగిన వాటిలో ముఖ్యమైనది. మీరు కూడా అదే దారిలో అడగండి. గేటు దగ్గర కార్డు ఉండగా యాప్ ఎందుకో, అది ఏ సమయాల్లో లొకేషన్ తీసుకుంటుందో, ఆ సమాచారం ఎన్నాళ్లు ఉంచుతారో, ఎవరు చూస్తారో లిఖితపూర్వకంగా చెప్పమనండి. తప్పదంటే కంపెనీ ఫోను ఇవ్వమనండి.

అదీ కుదరక మీ ఫోనులోనే వేసుకోవలసి వస్తే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఆండ్రాయిడ్ ఫోనులో లొకేషన్ అనుమతి అడిగినప్పుడు ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్నదాన్నే ఎంచుకోండి, ఎల్లప్పుడూ అనుమతించే దాన్ని ఎంచుకోకండి. ఆఫీసు యాప్‌లన్నీ విడిగా ఉండే వర్క్ ప్రొఫైల్ పెట్టించుకుంటే, మీ సొంత యాప్‌లు, ఫోటోలు, సందేశాలు సంస్థ నిర్వాహకులకు కనిపించవు, ఆఫీసు వేళలు అయ్యాక ఆ ప్రొఫైల్‌ను ఆపివేయవచ్చు కూడా. ముఖం గాని వేలిముద్ర గాని అడిగితే ఇంకొంచెం ఆగి ఆలోచించండి, ఎందుకంటే 2011 నాటి సమాచార సాంకేతిక నియమాలు వాటిని సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా గుర్తించి, సేకరించే ముందు రాతపూర్వకమైన అనుమతి తీసుకోవాలని చెప్పాయి. కార్డు పోతే కొత్త కార్డు ఇస్తారు, వేలిముద్ర వివరాలు బయటికి పోతే కొత్త వేలు రాదు. మీరున్న చోటుకు బదులు తప్పుడు చోటును చూపించే యాప్‌ల జోలికి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పోవద్దు.

ఆ మాట మీ స్నేహితురాలి కార్డు సలహాకు కూడా వర్తిస్తుంది. ఆమె మీ మంచి కోరే అన్నారు, అందులో సందేహం లేదు. కానీ ఈ రోజు మీ దగ్గర ఉన్న బలం ఒక్కటే, మీరు నిజంగా వెళ్లారు, లెక్కే తప్పు. ఒక్కసారి మీ కార్డు ఇంకొకరి చేతిలో స్వైప్ అయితే ఆ బలం మొత్తం పోతుంది. గేటు దగ్గర కెమెరా ఉంటుంది, కార్డు నమోదైన క్షణానికి కెమెరాలో ఎవరున్నారో చూడడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఇంకొకరి హాజరు వేయడాన్ని ఏ సంస్థ అయినా మోసంగానే చూస్తుంది. హాజరు తగ్గితే మందలింపుతో పోయేది, ఇందులో ఇద్దరి ఉద్యోగాలూ పోవచ్చు, తరువాత చేరబోయే చోట పాత ఉద్యోగం గురించి విచారించినప్పుడు కూడా అది వెంటాడుతుంది. కార్డు పెట్టి, కాఫీ తాగి, అరగంటలో ఇంటికి వెళ్లిపోయే పద్ధతి కూడా మీకు పనికిరాదు. మీ దగ్గర గంటల నియమం ఉంది, పైగా మీరు చేయని తప్పుకు మీరే సాక్ష్యం తయారు చేసినట్టవుతుంది.

దానికి బదులు ఈ రోజు నుంచే మీ సొంత లెక్క రాసుకోవడం మొదలుపెట్టండి. ఒక చిన్న పుస్తకంలో తేదీ, లోపలికి వెళ్లిన సమయం, భోజనానికి వెళ్లివచ్చిన సమయం, బయటికి వచ్చిన సమయం, ఆ రోజు ఆఫీసులో జరిగిన ఒకటి రెండు ముఖ్యమైన సమావేశాలు రాస్తే చాలు. జూలై నెలకు పాత ఆధారాలు వెతకండి. మీరు కారులో వస్తుంటే కాజ టోల్‌ప్లాజా దగ్గర ఫాస్టాగ్ కోత సందేశాలు మీ ఫోనులో ఉంటాయి. ఆర్టీసీ బస్సులోనో రైల్లోనో వస్తే టికెట్లు, హోటల్లో ఫోన్‌పేతో కట్టిన బిల్లులు ఉంటాయి. టోల్ సందేశం కారు దాటిందని చెబుతుందే తప్ప మీరు ఆఫీసులో ఉన్నారని చెప్పదు, అందుకే సమావేశం గదిలో మీరున్నట్టు తెలిసే ఆహ్వానాలు, ఆ రోజు మీతో పక్క సీట్లలో కూర్చున్నవారి మాట ఎక్కువ విలువైనవి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆధారం చూపించాలన్న ఆత్రంలో నెల మొత్తం ఫాస్టాగ్ స్టేట్‌మెంటు, బ్యాంకు చిట్టా హెచ్‌ఆర్ చేతిలో పెట్టకండి. వివాదంలో ఉన్న రోజుకు సంబంధించిన ఒక్క వరుసనే ఇవ్వండి. కనిపెట్టి చూస్తున్నారని బాధపడుతూ, అడగని వివరాలను మనమే అప్పగించకూడదు.

మెయిల్ ఇంగ్లీషులోనే రాస్తారు కాబట్టి దాని సారాన్ని చెబుతాను. జూలై నెలలో నేను 12 రోజులు ఆఫీసుకు వచ్చాను, వాటి తేదీలు ఇవి. డాష్‌బోర్డులో 6 రోజులే ఉన్నాయి. నేను రాని ఆదివారాల్లో రెండున్నర గంటలు నమోదయ్యాయి, అవి సోమవారాల ఉదయపు గంటలతో సరిపోతున్నాయి, కనుక రోజులను భారత కాలమానం ప్రకారం కాక వేరే కాలమానం ప్రకారం విడగొడుతున్నారేమోనని నా సందేహం. నా కార్డు నమోదుల చిట్టా ఇప్పించి, దీన్ని పరిశీలించి, సరిచేసిన హాజరును తెలపవలసిందిగా కోరుతున్నాను. అది తేలేవరకు ఈ లెక్క ఆధారంగా నా వేరియబుల్ పే విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోవద్దని మనవి. ఇంతకు మించి ఒక్క మాట కూడా అక్కర్లేదు. కోపం, ఏడేళ్ల సేవ, మిగతావారు ఏం చేస్తున్నారన్న పోలిక, ఇవేవీ ఆ మెయిల్‌లో రానివ్వకండి. హెచ్‌ఆర్‌కు పంపుతూ మేనేజరు గారికి, ఆఫీసు ఐటీ సహాయ విభాగానికి ప్రతులు పెట్టండి. సమయమండలం పొరపాటును హెచ్‌ఆర్ వారి కన్నా ఐటీ వారు త్వరగా గుర్తిస్తారు, వాళ్లలో ఎవరైనా ఒకసారి ఆ ఆదివారాలు చూస్తే విషయం అక్కడికక్కడే తేలిపోవచ్చు.

మీ అత్తగారి ఆరోగ్యం గురించి ఆ మెయిల్‌లో రాయవద్దు. ఆమె కోసం మీకు వారంలో ఏదో ఒక రోజు ఇంటి దగ్గర ఉండవలసి వస్తే, లేదా గుంటూరు నుంచి వారధి మీద రద్దీలో పడి రావడం కష్టమై వేళలు మార్చుకోవాలనుకుంటే, దాన్ని వేరే విజ్ఞప్తిగా, లెక్క సరిదిద్దాక మేనేజరు గారితో ముఖాముఖి మాట్లాడండి. రెండూ కలిపితే, హాజరు తక్కువైందని ఒప్పుకుని అందుకు కారణం చెబుతున్నట్టు వినిపిస్తుంది. మీది అలాంటి పరిస్థితి కాదు. సోమ, మంగళ, గురువారాలకు బదులు సోమ, మంగళ, బుధవారాలు అడిగి చూడడం కూడా మంచిదే. లెక్క సరిచేసేలోగా వరుస రోజులైతే వారానికి ఒక్క రోజే లోటు పడుతుంది, ఇంటి దగ్గర కూడా మీకు వరుసగా రెండు రోజులు దొరుకుతాయి.

పది రోజుల్లో జవాబు రాకపోతే అదే మెయిల్‌కు కిందనే గుర్తుచేస్తూ రాయండి, కొత్త మెయిల్ మొదలుపెట్టవద్దు. ఆ తరువాత కూడా కదలిక లేకపోతే సంస్థలో ఫిర్యాదుల విభాగానికి, అమెరికాలో హాజరు విధానం చూసే బృందానికి అదే మెయిల్ వరుసను పంపండి. ఈలోగా ఏదైనా పత్రం మీద సంతకం పెట్టమని, హాజరు తక్కువైనట్టు ఒప్పుకోమని అడిగితే, ‘లెక్క వివాదంలో ఉంది, ఫలానా తేదీన మెయిల్ పంపాను’ అని పక్కన రాసి మాత్రమే సంతకం చేయండి, దాని ఫోటో తీసి పెట్టుకోండి. త్రైమాసికం లెక్క ముగిసి వేరియబుల్ పే ఖరారైపోయిన తరువాత దాన్ని తిరిగి తెరిపించడం చాలా కష్టం కనుక, మీ మొదటి మెయిల్ ఈ వారంలోనే వెళ్లాలి. పంపే ముందు ఆ బుధవారాలు ఒకసారి చూసుకోండి. అక్కడ ఏముందో నాకు కూడా రాయండి.